నవ్వించిన పుస్తకం మీద నాలుగు మాటలు రాయాలంటే

‘పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను’, ‘ఆద్యంతం హాయిగా సాగింది’, ‘ప్రతి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం’. ఈ మూడు మాటల్నీ ఏ హాస్య పుస్తకానికి తగిలించినా అతుకుతాయి. అందుకే అవి చదివినవాళ్లకు ఏమీ చెప్పవు. రచయిత తన బతుకులోని ముచ్చట్లనే నవ్వుగా మార్చి రాసిన సంపుటి మీద అభిప్రాయం రాయాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: నవ్వు ఎక్కడ వచ్చింది, ఎందుకు వచ్చింది?

అది చదివేటప్పుడే తేలాలి. చేతిలో పెన్సిలు పెట్టుకోండి. నవ్వొచ్చిన వాక్యం పక్కన టిక్కు, విసుగొచ్చిన చోట అడ్డగీత, అంతే. గ్రంథాలయం పుస్తకమైతే గీతలొద్దు, కాగితం ముక్క మీద పేజీ నంబర్లు వేసుకోండి. ఒక్క విడతలో మూడు నాలుగు వ్యాసాలు మించొద్దు. ఇలాంటివి చాలావరకు వారానికొకటి చొప్పున పత్రికలో వచ్చి, తర్వాత పుస్తకమైనవే. వారం గ్యాపులో చదివినప్పుడు కనబడని చిట్కా, పది వ్యాసాలు వరసగా మింగితే మూడోసారికే పట్టుబడుతుంది. అప్పుడు తప్పు రచయితదో మన ఆత్రానిదో తేల్చడం కష్టం. పుస్తకం అయ్యాక రెండ్రోజులాగి టిక్కుల దగ్గరికి మళ్లీ వెళ్లండి. రెండోసారి కూడా పెదవి కదిలించినవే మీ అభిప్రాయానికి సరుకు.

ఇక ఆ నవ్వు ఏ జాతిదో చూడాలి. దీనికో తేలిక పరీక్ష ఉంది. ఆ ముచ్చటను మీ సొంత మాటల్లో పక్కవాళ్లకు చెప్పి చూడండి. అయినా నవ్వితే బలం సన్నివేశంలో ఉంది. వాళ్లు ‘ఊఁ, తర్వాత?’ అంటే బలం మాటలో ఉంది: శ్లేషలోనో, యాసలోనో, వాక్యం విరిచిన తీరులోనో. మొదటి రకాన్ని వర్ణించొచ్చు. రెండోదాన్ని వర్ణిస్తే చచ్చిపోతుంది, ఉన్నదున్నట్టు ఒక వాక్యం ఎత్తి చూపాల్సిందే. ‘హాస్యం, వ్యంగ్యం కలగలిపి’ అని రాసేస్తే సరిపోదు. తనమీద తాను వేసుకున్న చురకా, ఎదుటివాడి మీద వెటకారమా, లోకం మీద అధిక్షేపమా అన్నది విడదీసి చెప్పాలి.

ఎక్కువమంది చేసే పొరపాటు జోకు మొత్తం చెప్పేయడం. ఉదాహరణకు ఒక వ్యాసంలో కుర్రాడు అరువు గడియారం పెట్టుకుని పెళ్లికి వెళ్లాడనుకుందాం. ‘ముహూర్తం టైము అడిగితే ఆగిపోయిన గడియారం చూసి తప్పు చెప్తాడు, భలే నవ్వొచ్చింది’ అని రాస్తే ఇక ఆ వ్యాసం ఎవరూ చదవక్కర్లేదు. ‘అరువు గడియారంతో పెళ్లికి వెళ్లిన కుర్రాణ్ణి పురోహితుడు టైమెంత అని అడుగుతాడు. అక్కణ్ణుంచి రెండు పేజీలు ఊపిరి తీసుకోనివ్వడు రచయిత’ అని రాస్తే సరిపోతుంది. గుమ్మం దాకా తీసుకెళ్లి వదిలేయాలి.

ఎత్తిరాసేటప్పుడు ఒక్కోచోట ఒకటి రెండు వాక్యాలు చాలు. కాపీరైట్ చట్టం, 1957 లోని 52వ సెక్షన్ సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. అలాగని నచ్చిన వ్యాసాన్ని మొత్తం ఫొటోలు తీసి పెట్టడం సమీక్ష కిందికి రాదు.

పుస్తకం పేరు అట్ట మీద ఎలా ఉంటే అలాగే రాయాలి. నెల్లూరు జిల్లా పలుకుబడిలో వచ్చిన ‘దర్గామిట్ట కతలు’ను ‘కథలు’ అని దిద్దితే పేరులోని రుచీ పోతుంది, వెతికేవాళ్లకు పుస్తకమూ దొరకదు. రచయిత, బొమ్మలు వేసినవారు, ప్రచురణకర్త, ఎన్నో ముద్రణ, పుటలు, వెల... ఇవన్నీ ఒక్క వరసలో ఇచ్చేయండి. మొదటి ముద్రణ సంవత్సరం మాత్రం మరవొద్దు. పెళ్లాం మీద, అత్తగారి మీద, పనిమనిషి మీద, ఇంకో ఊరివాళ్ల ఉచ్చారణ మీద వేసిన జోకులు ఇవాళ గుచ్చుకుంటే ఆ మాట సూటిగా రాయాలి, అది ఏనాటిదో కూడా చెప్పాలి. ‘ఆ కాలం అలాంటిది’ అని కొట్టిపారేయడం ఎంత సులువో, కాలం ఊసెత్తకుండా తిట్టడమూ అంతే సులువు.

స్వీయచరిత్ర అనగానే వరస కోసం వెతకడం ఇంకో చిక్కు. ముళ్లపూడి వెంకటరమణ ‘స్వాతి’ వారపత్రికలో రాసి, బాపు బొమ్మలతో పుస్తకమైన ‘కోతి కొమ్మచ్చి’ పేరులోనే కొమ్మ నుంచి కొమ్మకు దూకుతానని చెప్పేసింది. అలాంటి పుస్తకానికి ‘సంవత్సరాల క్రమం లేదు’ అని మార్కులు కొట్టేయడం అన్యాయం. ఏ పుస్తకంలోనైనా ఒకే ముచ్చట రెండు చోట్ల వస్తే మాత్రం అడగొచ్చు. అది సీరియల్‌ను పుస్తకంగా కూర్చేటప్పుడు చూసుకోవాల్సిన పని. అలాగే ‘ఇదంతా నిజంగా జరిగిందా’ అని ఆరా తీయడం కన్నా, ఎంత ఉప్పూకారం చల్లినా నమ్మబుద్ధయిందా లేదా అన్నది చెప్పండి. రచయిత పేరు దాచిన మనిషి ఫలానా హీరోయే అని ఊహించి రాయడం అసలు పనికిరాదు.

మొత్తం 250 నుంచి 300 మాటలు చాలు. బాగున్న వ్యాసాలు రెండు, తేలిపోయినది ఒకటి, పేర్లతో సహా. పుస్తకమంతా ఒకే ఎత్తున ఉందని రాస్తే ఎవరూ నమ్మరు. రచయితతో పోటీపడి మీరూ జోకులు వేయొద్దు. మీకు రాని యాసలోకి అసలే దిగొద్దు, రెండో వాక్యానికే దొరికిపోతారు.

కొనేముందు ఇతరుల అభిప్రాయాలు చదివేవాళ్లకూ ఇదే కొలత. వ్యాసం పేరో, ఒక్క వాక్యమో ఉదహరించినవాటికే విలువివ్వండి. ప్యాకింగు నలిగిందన్న ఫిర్యాదు పుస్తకం మీద అభిప్రాయం కాదు. స్నేహితులు రాసిన ముందుమాటా కాదు. ‘సగం నచ్చింది, సగం నచ్చలేదు’ అనేవారి మాటలే తరచుగా ఎక్కువ పనికొస్తాయి, ఎందుకంటే వాళ్లు కారణం చెప్పక తప్పదు.

పంపేముందు ఎత్తిరాసిన వాక్యాల్ని పుస్తకం పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఫోన్ కీబోర్డు ‘వొచ్చినాడు’ను గుట్టుచప్పుడు కాకుండా ‘వచ్చినాడు’ చేసేస్తుంది.