రాజకీయ విలేకరి పాఠాలు – 5: కబురు మోయొద్దు

నాయకుడు నోరు విప్పకముందే, ఆ మాటను ఎలా వాడుకోవాలో ఇద్దరూ తేల్చుకోవాలని నాలుగో పాఠంలో చెప్పాను. ఆ పాఠం అభ్యాసానికి మీరు రాసి పంపిన జవాబులు చూశాక, ఈసారి చెప్పాలనుకున్న పాఠంలో సగం పక్కన పెట్టాను. ముందు ఆ చిక్కులు విప్పుకుందాం.

చాలామంది ‘పేరు రాయొద్దు’, ‘అసలు రాయొద్దు’ అన్న రెండు మాటలనూ ఒకే గాట కట్టేశారు. లంక గ్రామాల వరద సాయం జాబితా గురించి చెబుతూ మండల నాయకుడు ‘నా పేరు రానివ్వకు తమ్ముడూ’ అంటే, విషయం రాయొచ్చు, పేరు రాయకూడదు. ‘ఇది రాయడానికి కాదు’ అని ఆయన ముందే అని, మీరు సరేనంటే, ఆ మాట అచ్చులోకి రాకూడదు. అయితే తహసీల్దారు ఆఫీసులో జాబితా చూసి, ఇల్లు మునిగినా పేరు ఎక్కని కుటుంబాలతో మాట్లాడి, అదే సంగతిని మీ అంతట మీరు తెచ్చుకోవచ్చు. అంతా చెప్పేసి, లేచేటప్పుడు ‘ఇవేవీ రాయొద్దులే’ అంటే అది ఒప్పందం కాదు. ఆ ముక్క అక్కడే మర్యాదగా చెప్పేయండి. నాయకులకు ఈ పద్ధతి తెలుసు. విలేకరితో మొదటిసారి మాట్లాడుతున్న కౌలు రైతు అలా అడిగితే మాత్రం నేను వదిలేస్తాను.

ఇంకో చిక్కు, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’. దాదాపు ప్రతి జవాబులోనూ ఉంది. పాఠకుడికి దానివల్ల తెలిసేదేమీ లేదు. ‘నియోజకవర్గ సమావేశంలో పాల్గొన్న ఒక నాయకుడు’ అని రాయండి. ఆ సమావేశంలో ఉన్నది ముగ్గురే అయితే అదీ పనికిరాదు, మనిషి దొరికిపోతాడు.

పేరు దాస్తామని ఇచ్చే మాట కూడా కొలిచి ఇవ్వాలి. పత్రికల మీద ఫిర్యాదులు విచారించే ప్రెస్ కౌన్సిల్‌కు ఒక చట్టం ఉంది. 1978 నాటి ఆ ప్రెస్ కౌన్సిల్ చట్టం, సెక్షన్ 15(2) ప్రకారం, సమాచారం ఎవరిచ్చారో చెప్పమని కౌన్సిల్ మనల్ని బలవంతం చేయలేదు. కోర్టులో అలాంటి రక్షణ మనకు చట్టంలో రాసిలేదు. అందుకే ‘చచ్చినా చెప్పను’ అనకండి. ‘నా అంతట నేను బయటపెట్టను, మా ఎడిటర్‌కు మాత్రం చెబుతాను’ అనండి.

ఇక ఈ వారం పాఠం. ప్రెస్ మీట్‌లో కవరు, గోదావరికి ఎర్రనీరు వచ్చాక ఇంటికొచ్చే పులస, సంక్రాంతికి పందెం బరి దగ్గర కుర్చీ, ఇవి వద్దని వేరే చెప్పక్కర్లేదు. టీ తాగండి, అన్నయ్యా బాబాయ్ అని పిలవండి. దానివల్ల విలేకరికీ నాయకుడికీ మధ్య ఉండాల్సిన గీత చెరిగిపోదు.

గీత చెరిగేది కబురు మోసినప్పుడు. మంచి విలేకరులు కూడా ఇందులో పడిపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. రావులపాలెం సెంటర్లో టికెట్ ఆశిస్తున్న ఒకాయన కలుస్తాడు. ‘మీరెలాగూ పెద్దాయన దగ్గరకు వెళ్తారు కదండీ, నా గురించి ఏమనుకుంటున్నారో కాస్త కనుక్కోండి’ అంటాడు. ఎలాగూ మీరు అడగాల్సిన ప్రశ్నే కదా అనిపిస్తుంది. కానీ జవాబు ఎవరికి చేరుతుందో చూడండి. పాఠకుడికి చేరితే అది వార్త. ఆయన చెవిలో పడితే మీరు ఆయన మనిషి. ఇసుక ర్యాంపు గొడవలో ‘అవతలివాళ్లు ఎంతకి దిగొస్తారో చూడు’ అన్నా అంతే. రెండు వర్గాలను కలిపి కూర్చోబెట్టమన్నా అంతే. ‘రేపు మీ పోటీ పేపర్లో ఏం వస్తోంది’ అని అడిగినా అంతే. రొయ్యల చెరువుల మీద రైతులు ఫిర్యాదు ఇవ్వబోతున్నారని మీరు ముందుగా యజమాని చెవిన వేసినా అంతే. ఆ చివరిదాంట్లో రైతులకు నేరుగా కీడు చేసినట్టే.

2010 నవంబరులో రాడియా టేపులు బయటికొచ్చాయి. 2009లో కేంద్ర మంత్రివర్గం కూర్పు నడుస్తుండగా, ఢిల్లీలో పేరున్న కొందరు జర్నలిస్టులు నీరా రాడియా అనే లాబీయిస్టుతో, అంటే కంపెనీల తరఫున ప్రభుత్వంలో పనులు నడిపించే ఆవిడతో, మాట్లాడిన ఫోన్ సంభాషణలు వాటిలో ఉన్నాయి. పార్టీల మధ్య కబుర్లు చేరవేశారన్నది వారి మీద వచ్చిన విమర్శ. సమాచారం కోసమే మాట్లాడామన్నది వారి జవాబు. ఎవరిది నిజమన్న చర్చ పక్కన పెట్టినా, ఒక్కటి గమనించండి. టికెట్లు, పదవుల బేరం నడుస్తుంటే, మీకు తెలిసిన పెద్ద వార్త ఆ బేరమే. మీరే అందులో ఓ చెయ్యి వేస్తే దాన్ని ఎలా రాస్తారు?

మండల విలేకరికి ఇంకో బరువుంది, యాడ్లు. జీతం ఇవ్వకుండా లైన్ అకౌంట్ లెక్కన, అంటే అచ్చయిన వార్తల కొలతను బట్టి, డబ్బు పంపుతూ, యాడ్ల టార్గెట్ కూడా నెత్తిన పెడితే, నాయకుడి పుట్టినరోజు ప్రకటన అడగాల్సింది మీరే. ఇది మీ తప్పు కాదు, కానీ నష్టం మీకే. 2009 ఎన్నికల తర్వాత డబ్బు వార్తలపై, అంటే డబ్బు తీసుకుని వార్తల్లా వేసే ప్రచారంపై, ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి గారు ఒకరు. పత్రికల పేర్లతో సహా రాసిన ఆ పూర్తి నివేదిక 2011లో గానీ బయటికి రాలేదు. మీ చేతిలో ఉన్నది ఇంతే: యాడ్ మాట, వార్త మాట ఒకే ఫోన్లో మాట్లాడకండి. యాడ్ ఇచ్చినాయన మీద వార్త వస్తే, ఆ సంగతి కాపీ పైనే రాసి డెస్కుకు పంపండి. సోర్సు, అంటే మీకు సమాచారం ఇచ్చే మనిషి, మీకు బంధువైతే కూడా అలాగే చెప్పండి. కోనసీమలో అది తప్పదు.

కబురు మోయమని అడిగితే నేను అనేది ఇదే: ‘అన్నయ్యా, ఆయన్ని నేనేం అడిగినా పేపర్ కోసమే అడుగుతాను. మీ మాట మీరే ఫోన్ చేసి అడగండి.’ ఎదురుగానే అనండి, వాట్సాప్‌లో కాదు. స్క్రీన్‌షాట్‌కు గొంతు ఉండదు.

అభ్యాసం: వారం పాటు, సోర్సుతో మాట్లాడిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో ‘తీసుకున్నది’, ‘ఇచ్చింది’ అని రెండు వరుసలు రాయండి. అవతలి పార్టీ గురించి మీరు నోరు జారిన ముక్క కూడా ‘ఇచ్చింది’లోకే వస్తుంది. తర్వాత మీకు ఎక్కువ వార్తలిచ్చే సోర్సు ఒకరిని తీసుకుని, ఆరు నెలల మీ క్లిప్పింగులు తిరగేయండి. ఆయనకు ఇబ్బంది కలిగించే ఏ వార్త ఇతర పత్రికల్లో వచ్చి మీ దాంట్లో రాలేదో వెతికి, దాని మొదటి పేరా ఇప్పుడు రాయండి. పంపేముందు పేర్లన్నీ కొట్టేయండి. మీ సోర్సులెవరో నాకు కూడా తెలియకూడదు.