16550ఏ చిప్‌కు కెర్నల్ సీరియల్ డ్రైవర్‌ను రూపొందించడం

కొత్తగా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగం) రాస్తున్నవారు తెర కంటే ముందు సీరియల్ పోర్టును, అంటే డేటాను ఒక్కో బిట్‌గా పంపే పోర్టును, పనిచేయించుకోవడం మేలు. 16550ఏ ఆ పోర్టును నడిపే చిప్. గ్రాఫిక్స్ మొదలుకాకపోయినా, ఇంటరప్టులు (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలు) ఆగిపోయినా, లోపల ఏం జరుగుతున్నదో అక్షరం అక్షరంగా బయటికి చెప్పగలిగేది అదే. అందువల్ల ఈ డ్రైవర్‌లో కెర్నల్ కూలిపోతున్నప్పుడు పనిచేసే పోలింగ్ దారి (చిప్ స్థితిని మనమే పదేపదే చూసే పద్ధతి) ఒకటి, మామూలు రాకపోకలకు ఇంటరప్ట్ దారి ఒకటి ఉండాలి. ఈ రెండింటినీ మొదటి రోజు నుంచే విడిగా ఉంచడం మొత్తం రూపకల్పనలో అతి ముఖ్యమైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను.

పీసీలో మొదటి పోర్టు, అంటే కామ్1, హెక్సాలో 3ఎఫ్8 చిరునామా దగ్గర ఉంటుంది. దాని ఇంటరప్ట్ సంఖ్య 4. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లోని రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ 'వర్ట్' యంత్రంలో చిప్ రిజిస్టర్లు (చిప్‌ను నడిపే చిన్న నిల్వ గడులు) మెమరీ చిరునామాలుగా కనిపిస్తాయి. కొన్ని బోర్డుల్లో ఒక్కో రిజిస్టర్ మధ్య నాలుగు బైట్ల ఎడం ఉంటుంది. కాబట్టి రిజిస్టర్‌ను చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి చొప్పున రెండే ఫంక్షన్లు పెట్టి, మిగతా కోడ్ అంతా వాటి ద్వారానే నడిచేలా చూడండి.

ప్రారంభంలో ఇంటరప్టులన్నీ ఆపి, లైన్ కంట్రోల్ రిజిస్టర్‌లో 7వ బిట్ పెట్టి, వేగానికి తగిన భాజకాన్ని రాయాలి. పీసీలో గడియారం 1.8432 మెగాహెర్ట్జ్, దానిని 16తో భాగిస్తే సెకనుకు 115200 బిట్ల వేగం వస్తుంది కనుక, ఆ వేగానికి భాజకం 1, 9600కు 12. తర్వాత అదే రిజిస్టర్‌లో 3 రాస్తే ఎనిమిది డేటా బిట్లు, పారిటీ (తప్పును పట్టే అదనపు బిట్) లేకుండా, ఒక స్టాప్ బిట్ అమరి, 7వ బిట్ కూడా తొలగిపోతుంది. అది తొలగకపోతే మీరు పంపే అక్షరాలు భాజకంలోకి పోతాయి. మోడెమ్ కంట్రోల్‌లో అవుట్2 బిట్‌ను కూడా పెట్టాలి. అది లేనిదే పీసీలో ఇంటరప్ట్ కంట్రోలర్ దాకా చేరదు.

ఇక అక్షరాలను అందుకోవడం గురించి. ఇక్కడ లెక్క వేయకుండా ఏ విలువనూ ఎంచుకోవద్దు. 115200 వేగంలో ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి పది బిట్లు, అంటే సుమారు 87 మైక్రోసెకన్లు. చిప్‌లోని ఫైఫోలో (ముందు వచ్చినది ముందు బయటికి పోయే వరుసలో) 16 స్థానాలు ఉంటాయి. అవన్నీ నిండి, ఆపై మరో అక్షరం పూర్తిగా వచ్చిందంటే ఓవర్‌రన్ జరిగి డేటా పోతుంది. 14 అక్షరాల దగ్గర ఇంటరప్ట్ కోరితే మీకు మిగిలేది సుమారు 260 మైక్రోసెకన్లు. 8 దగ్గర కోరితే సుమారు 780. మీ కెర్నల్ గరిష్ఠంగా ఎంతసేపు ఇంటరప్టులను ఆపి ఉంచుతుందో తెలుసుకున్నాకే ఈ హద్దును నిర్ణయించండి. అది తెలియని తొలిదశలో 8 సురక్షితం.

హ్యాండ్లర్ చేయవలసిన పని కొంచెమే: ఫైఫోలో ఉన్నదాన్ని రింగ్ బఫర్‌లోకి (చివరికి చేరాక మళ్లీ మొదటికి తిరిగే మెమరీ వరుసలోకి) మార్చి, ఎదురుచూస్తున్న ప్రాసెస్‌ను లేపడం. లైన్ స్టేటస్ రిజిస్టర్‌ను చదవగానే అందులోని లోపాల బిట్లు చెరిగిపోతాయి కనుక, దాన్ని ఒక్కసారి చదివి, ఆ విలువను దాచుకుని, తర్వాతే అక్షరాన్ని తీయాలి. పాత పీసీల ఇంటరప్ట్ లైన్లు అంచు ఆధారంగా, అంటే సంకేతం మారిన క్షణంలోనే స్పందిస్తూ, పనిచేసేవి. అందుకే ఇంటరప్ట్ గుర్తింపు రిజిస్టర్‌లో 0వ బిట్ 1 అయ్యేవరకు, అంటే ఇంకే ఇంటరప్టూ మిగలనంతవరకు, హ్యాండ్లర్ తిరుగుతూనే ఉండాలి. మధ్యలో బయటపడితే తర్వాతి ఇంటరప్ట్ ఎప్పటికీ రాకపోవచ్చు.

పంపే వైపు, రింగ్ బఫర్‌లో ఏదైనా ఉన్నప్పుడే 'ఖాళీ అయింది' అనే ఇంటరప్ట్‌ను తెరవండి. అది వచ్చినప్పుడు ఫైఫో పూర్తిగా ఖాళీ కనుక, మళ్లీ మళ్లీ స్థితి చూడకుండా ఒకేసారి 16 అక్షరాల వరకు రాయవచ్చు. బఫర్ ఖాళీ కాగానే దాన్ని మూసేయాలి. ఈ బఫర్‌ను ప్రాసెస్ కూడా తాకుతుంది కాబట్టి, స్పిన్‌లాక్ (దొరికేదాకా తిరుగుతూ వేచి ఉండే తాళం) తీసుకునే ముందు ఆ ప్రాసెసర్‌పై ఇంటరప్టులను ఆపి, వాటి పాత స్థితిని దాచుకోవాలి. లేకుంటే లాక్ పట్టుకున్న కోడ్ మధ్యలోకి హ్యాండ్లర్ వచ్చి, అదే లాక్ కోసం ఆగిపోతుంది.

పోలింగ్ దారి మాత్రం ఏ లాక్ కోసమూ వేచి ఉండకూడదు; లాక్ పట్టుకున్నవాడే కూలిపోయి ఉండవచ్చు. అది చిప్ ఇంటరప్టులను ఆపి, లైన్ స్టేటస్‌లో, పంపే చోటు ఖాళీ అయిందని చెప్పే 5వ బిట్ కోసం పరిమితమైన సార్లు మాత్రమే చూసి, అక్షరాన్ని రాసి ముందుకు సాగాలి.

ఎకో, బ్యాక్‌స్పేస్, కంట్రోల్-సీ వంటివి పైనున్న టీటీవై (టెర్మినల్‌ను చూసుకునే) పొరకు వదిలేయండి. లైనక్స్‌లో కూడా ఈ చిప్ కుటుంబాన్ని నడిపే 8250 డ్రైవర్‌కూ టీటీవైకీ మధ్య సీరియల్ కోర్ అనే పొర ఉంది. చివరగా, పంపినదాన్ని చిప్ లోపలే వెనక్కి తిప్పే లూప్‌బ్యాక్ బిట్‌తో పంపిన బైటే తిరిగి వస్తున్నదో లేదో చూశాక, నిజమైన బోర్డుపై రెండు చివరలా వేర్వేరు వేగాలు పెట్టి, ఫ్రేమింగ్ లోపాల (స్టాప్ బిట్ ఉండవలసిన చోట లేని అక్షరాల) లెక్క పెరుగుతున్నదో లేదో పరీక్షించండి.