బెంగళూరు నుంచి లేపాక్షికి పల్లె దారిలో బైక్ మీద

లేపాక్షికి బైక్ మీద వెళ్లేవాళ్లు చాలామంది బాగేపల్లి హైవే ఎక్కేస్తారు. తొందరగా చేరతారు కానీ, లారీల హోరు తప్ప కళ్లకు ఇంకేమీ మిగలదు. ఈసారి మ్యాప్‌లో 'అవాయిడ్ హైవేస్' పెట్టి, మధ్యలో దొడ్డబళ్లాపుర, ఘాటి సుబ్రహ్మణ్య, గౌరీబిదనూరు, హిందూపురం స్టాప్‌లుగా కలపండి. స్టాప్‌లు పెట్టకపోతే మ్యాప్ తనకు తోచిన మట్టిబాటలోకి తిప్పేస్తుంది. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందురోజు రాత్రే దించుకోండి.

తెల్లవారుజామున 5 గంటలకల్లా ఊరు దాటితే ఘాటి దగ్గర కొండల మీద ఎండ పడడం చూడొచ్చు. నాకైతే ఆ పావుగంట కోసమే మళ్లీ మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. కోతల కాలంలో రైతులు రాగి కంకులు, ఉలవ కట్టె రోడ్డు మీదే పరుస్తారు, బళ్ల చక్రాల కింద నలిగి గింజ రాలడానికి. దాని మీద బ్రేక్ వేస్తే టైరు జారుతుంది. ముందే వేగం తగ్గించి, హ్యాండిల్ తిప్పకుండా నిదానంగా దాటండి. ఊళ్ల దగ్గర స్పీడ్ బ్రేకర్లకు తెల్ల గీతలు ఉండకపోవచ్చు, అదీ చూసుకోండి.