మ్యూచువల్ విడాకులకు సిద్ధపడటం – పాఠం 3: తేదీల కాగితం

పోయిన పాఠంలో ఒక ఫైలు తయారు చేశాం: శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఇద్దరి ఆధార్ కార్డులు, ఉంటే పెళ్లి సర్టిఫికెట్. శుభలేఖలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉన్న పేర్లను విడిగా రాసుకోమన్నాను. ఆ పని మిగిలి ఉంటే ముందు అది ముగించి రండి. ఈసారి రాత పని. పిల్లలు లేరు, ఇద్దరూ ఒప్పుకున్నారు, పెళ్లి హిందూ వివాహ చట్టం కిందకి వస్తుంది అనుకునే ఈ పాఠాలు రాస్తున్నాను.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. పెళ్లి ఏ రోజు, ఏ ఊళ్లో జరిగింది? కాపురం ఎక్కడ పెట్టారు? ఇద్దరూ కలిసి ఉన్న చివరి ఇల్లు ఏది? ఏ రోజు నుంచి విడిగా ఉంటున్నారు? ఇంతే. కారణాలు వద్దు.

ఆ చివరి తేదీ దగ్గరే చాలామంది తడబడతారు. ఆ చట్టంలో పరస్పర అంగీకార విడాకుల గురించి చెప్పే 13-బి సెక్షన్ కింద పిటిషన్ వేయాలంటే కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. విడిగా అంటే వేరే ఊళ్లో ఉండటమే కాదు, ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే అదీ విడిగా ఉండటమేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. "సంక్రాంతి తర్వాత వచ్చేశానండీ" అని నేను చెబితే, లాయరు గారు కళ్లద్దాలు సర్దుకుని "ఏ సంక్రాంతమ్మా?" అన్నారు. నాకు సంవత్సరం గుర్తు రాలేదు! రైలు టికెట్ మెసేజ్, హాస్టల్ రసీదు, కొత్త ఇంటికి కట్టిన అడ్వాన్సు, ఇలాంటివి వెతికితే తేదీ దొరుకుతుంది. ఊళ్ల పేర్లు ఎందుకంటే, పెళ్లి జరిగిన చోట గానీ, చివరిగా కలిసి ఉన్న చోట గానీ, భార్య ఇప్పుడు ఉంటున్న చోట గానీ కేసు వేసుకోవచ్చు.

ఇప్పుడు విడిగా ఒక నోటుబుక్కు తీయండి. ఒక్కో తేదీ రాస్తుంటే ఆ రోజు మొత్తం కళ్ల ముందుకొస్తుంది. ఎవరు ఏమన్నారు, అత్తగారు తలుపు ఎలా వేశారు, అన్నీ. అవన్నీ ఈ బుక్కులోకి. తిట్లు కూడా రాసుకోండి, ఎవరూ చదవరు. తేదీల కాగితంలోకి మాత్రం ఒక్క మాటా రానివ్వకండి. పరస్పర అంగీకార పిటిషన్‌లో తప్పెవరిదో తేల్చే పని లేదు. "అతను నన్ను మనిషిలా చూడలేదు" అని రాస్తే అవతలివాళ్లు జవాబు రాస్తారు, ఒప్పందం అక్కడే చెడుతుంది. "మాకు సర్దుబాటు కుదరలేదు, విడిగా ఉంటున్నాం" అంటే సరిపోతుంది. నాకు ఆ ఒక్క వాక్యం రాయడానికి రెండు రోజులు పట్టింది.

కొట్టి, బెదిరించి సంతకం పెట్టించుకుంటుంటే మాత్రం ఈ పాఠాలు పక్కన పెట్టేయండి. అది అంగీకారం కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

డబ్బు సంగతులకు ఇంకో కాగితం. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం ఎన్ని గ్రాములు, ఎవరి దగ్గరుంది? భరణం ఎంత, ఎన్ని విడతల్లో, ఏ వాయిదాకి ఎంత? ఇద్దరి పేర్ల మీద హోమ్ లోన్ ఉంటే ముందు బ్యాంకుకు వెళ్లండి, విడాకులైనంత మాత్రాన బ్యాంకు మీ పేరు తీసేయదు. పెద్దమనుషులు స్టాంపు పేపరు మీద రాయించిన "విడాకుల ఒప్పందం" ఉంటే ఫైల్లో పెట్టండి గానీ, దాన్ని నమ్ముకుని ఇంకో పెళ్లికి సిద్ధపడకండి. కుల ఆచారాన్ని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప అది విడాకులు కాదు.

పిటిషన్ వేశాక, ఇద్దరూ మళ్లీ కోర్టుకెళ్లి విడాకులు ఇవ్వమని అడిగే రెండో విడతకు ఆరు నెలలు ఆగాలి, పద్దెనిమిది నెలలు దాటకూడదు. విడిగా ఉండి అప్పటికే ఏడాదిన్నర దాటి, లెక్కలన్నీ తేలిపోయి, రాజీ ప్రయత్నాలు ఫలించకపోతే, ఆ ఆరు నెలలు తగ్గించమని అడగొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ, అంటే కోర్టు విడాకుల తీర్పు, వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, అందుకే ఆ నెలల్లో టెన్షన్ ఎక్కువ.

చుట్టాలు "పిల్లల్లేరు కదా, ఇంకేం బాధ" అంటారు. ఓదార్పుగానే అంటారు గానీ, విన్న ప్రతిసారీ నాకు ఏడవడానికి హక్కు లేదేమో అనిపించేది. హక్కు ఉంది. నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈ వారం పని: తేదీల కాగితం పగటిపూట, అరగంట మించకుండా రాయండి. రాత్రి ఫైలు ముట్టుకోవద్దు. రాసినదాన్ని రెండు కాపీలు తీసి ఒకటి అవతలివాళ్లకు పంపండి. వాళ్ల దగ్గర తేదీ వేరేగా ఉంటే వాదించకండి, పెన్సిల్‌తో పక్కన రాసుకోండి. వచ్చే పాఠంలో మొదటి వాయిదా రోజు జడ్జి ఏం అడుగుతారో చూద్దాం. అప్పటికి ఆ కాగితం చేతిలో ఉండాలి.