ఇంట్లో మూడు తరాల రాజకీయ అభిప్రాయాలను అర్థం చేసుకోవడం ఎలా?

వరంగల్ ప్రాంతపు ఇళ్లలో తాత, తండ్రి, మనుమరాలు ఒకే ఎన్నికను మూడు తీర్లుగా చూస్తారు కనుక, చర్చకు కూర్చునే ముందు ఒక్కొక్కరి యౌవనం ఏ కాలంలో గడిచిందో తెలుసుకోండి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో పాల్గొన్న విద్యార్థులలో 21 ఏళ్లు నిండనివారికి అప్పటికి ఓటు హక్కే లేదు. 1989లో ఓటు వయసు 18కి తగ్గింది. తమ మాట వినిపించడానికి ఊరేగింపు తప్ప మరో దారి లేని ఆ తరానికి నేటికీ వీధి పోరాటంపై గౌరవం ఉండటం సహజమని నేను భావిస్తాను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడేనాటికి బడిలో ఉన్నవారికి మాత్రం రాష్ట్రం ముందే ఉన్న వాస్తవం. వారి ఆరాటం ఉద్యోగ నోటిఫికేషన్ల గురించి.

పెద్దలను ఏ పార్టీకి ఓటు వేశారని అడగవద్దు. దొర గడీ (భూస్వామి కోటలాంటి ఇల్లు) ముందు నుంచి చెప్పులతో నడవగలిగేవారా, భూమి ఎవరి పేరున ఉండేది, మొదటి ఓటు ఎవరి మాట మీద వేశారు అని అడిగితే, వారి విలువల మూలం తెలుస్తుంది. అమ్మమ్మను తప్పనిసరిగా విడిగా అడగండి, ఎందుకంటే మగవారి ముందు ఆమె తన అభిప్రాయాన్ని దాచుకోవచ్చు.

కులాంతర వివాహం ప్రస్తావన వస్తే తీర్పు చెప్పకుండా, ముందుగా పెద్దల భయం దేనికో వినండి.