డిఫెన్స్‌లో ఎవరు ఏ పని చేస్తారో ముందే అంచనా వేయడం – 3వ పాఠం: పేర్లకన్నా ముందు పనులు

పోయిన రెండు పాఠాల్లో అమెరికన్ ఫుట్‌బాల్ పొజిషన్లూ డౌన్లూ (10 గజాలు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాలు) అయిపోయాయి కాబట్టి ఇవాళ నేరుగా అసలు పనిలోకి దిగుదాం. సీజన్ మొదలవకముందే ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్‌లో ఎవరు ఏం చేయబోతున్నారో కాగితం మీద పెట్టాలి. చాలామంది ఇక్కడే తొందరపడి, వెళ్లిపోయిన ఆటగాడి పేరు కొట్టేసి, డెప్త్ చార్ట్‌లో (ఏ స్థానంలో ఎవరి తర్వాత ఎవరో చెప్పే జాబితాలో) అతని కింద ఉన్న పేరు రాసేస్తారు. అలా చేయకండి. ముందు ఏయే పనులు ఖాళీ అయ్యాయో రాయండి, పేర్ల సంగతి తర్వాత.

2022 నాటి జార్జియా యూనివర్సిటీ జట్టును తీసుకుందాం. అట్లాంటా చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకి ఈ జట్టు కొత్తేం కాదు. ఏం జరిగిందో ఇప్పుడు తెలుసు కాబట్టి అంచనాని సరిచూసుకోవడం కూడా తేలిక. 2022 జనవరి 10న, 2021 సీజన్ ఫైనల్లో, అలబామాని 33-18తో ఓడించి వీళ్లు జాతీయ ఛాంపియన్లయ్యారు. ఆ ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు వంతుల వారీగా ఎంచుకునే కార్యక్రమం) ఒక్క డిఫెన్స్ నుంచే 8 మందిని ఆ జట్లు ఎగరేసుకుపోయాయి, అందులో 5 మంది మొదటి రౌండ్‌లోనే. డిఫెన్స్ కోఆర్డినేటర్ డాన్ లానింగ్ ఓరెగన్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు.

మొట్టమొదట అడగాల్సింది: పద్ధతి మారుతోందా? పద్ధతి మారితే పనులే మారిపోతాయి, పాత లెక్కలేవీ పనికిరావు. ఇక్కడ హెడ్ కోచ్ కర్బీ స్మార్ట్ స్వయంగా డిఫెన్స్ మనిషి, లానింగ్ స్థానంలోకి వచ్చిన గ్లెన్ షూమన్, విల్ మస్‌చాంప్ ఇద్దరూ అంతకుముందు ఏడాది అక్కడే ఉన్నవాళ్లు. అంటే చట్రం అదే, అందులో నిలబడే మనుషులే మారుతున్నారు.

ఇప్పుడు ఆ వెళ్లిపోయిన 8 మందిలో ఒకడైన జోర్డన్ డేవిస్ దగ్గరికి రండి, ఎందుకంటే ఈ పాఠమంతా అతని చుట్టూనే తిరుగుతుంది. దాదాపు 340 పౌండ్ల మనిషి, అంటే 154 కిలోలు. ఎదుటి జట్టు సెంటర్ (ముందు వరుస మధ్యలో ఉండేవాడు) ముందు నిలబడి ఇద్దరు లైన్‌మెన్‌ని (ముందు వరుసవాళ్లని) తన ఒక్కడి మీదే పడేలా చేసి, వెనకున్న రెండో వరుస లైన్‌బ్యాకర్లకి దారి ఖాళీ చేసి పెట్టడం అతని పని. కానీ థర్డ్ డౌన్‌లో ఇంకా 8, 9 గజాలు కావాల్సి వచ్చి, పాస్ ఖాయం అనుకున్నప్పుడు, చాలాసార్లు బయటికి వచ్చేసేవాడు. కాబట్టి "డేవిస్ స్థానం ఎవరిది" అన్న ప్రశ్నే సరైంది కాదు. పరుగు ఆటని ఆపే పని నాజీర్ స్టాక్‌హౌస్‌కి వెళ్లింది. లోపలి నుంచి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) మీదికి దూసుకెళ్లే పనికి జేలెన్ కార్టర్ ఉన్నాడు, 2021లో డేవిస్, అతని పక్కన ఆడిన డెవాంటే వయట్‌ల వెనక వంతుల వారీగా ఆడుతూనే ఫైనల్లో ఫీల్డ్ గోల్ అడ్డుకున్నవాడు. అతను 2023 డ్రాఫ్ట్‌లో 9వ స్థానంలో వెళ్లాడు.

దీన్నుంచి మీకో పద్ధతి దొరుకుతుంది. తిరిగొస్తున్న ప్రతి ఆటగాడి పేరు పక్కన మూడు గడులు గీయండి: ఎన్ని స్నాప్‌లు (బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా ఒక్కో విడత ఆట) ఆడాడు, ఏ డౌన్లలో ఆడాడు, అప్పుడు స్కోరెంత. మూడో గడిని ఎవరూ పట్టించుకోరు, నాకైతే అదే ముఖ్యం. 2021లో జామన్ డూమస్-జాన్సన్ కొత్తగా వచ్చిన లైన్‌బ్యాకర్, యూఏబీ మీద బంతి లాక్కుని టచ్‌డౌన్ చేశాడు, చూడ్డానికి భలే ఉంటుంది, కానీ ఆ మ్యాచ్ 56-7. ఏకపక్షంగా సాగిన ఆటలో స్నాప్‌లకి సగం విలువే ఇవ్వండి. పైగా 2018లో వచ్చిన నిబంధన ప్రకారం అప్పట్లో 4 మ్యాచ్‌ల దాకా ఆడినా, కాలేజీలో ఆడటానికి అనుమతించే ఏళ్ల లెక్కలోకి ఆ ఏడాది రాకుండా దాచుకునే వీలుండేది, అందుకని కోచ్‌లు అలాంటి మ్యాచ్‌లలో కుర్రాళ్లని ధారాళంగా దింపేవారు. అయినా 2022కి అతన్ని మధ్యలో రాసుకోవడమే సబబు: లైన్‌బ్యాకర్లు నకోబి డీన్, క్వే వాకర్, చానింగ్ టిండాల్ ముగ్గురూ ఒకేసారి వెళ్లిపోయారు, ఎవరో ఒకరు ఆ పని చేసి తీరాలి. అతనూ స్మేల్ మాండన్ కలిసి మధ్యలోని రెండు లైన్‌బ్యాకర్ స్థానాలూ పట్టేశారు.

వెనక వరుసలో కాస్త నిదానించాలి. జార్జియా వాళ్లు నికెల్ పొజిషన్‌ని (వెనక వరుసలో అదనంగా దింపే ఐదోవాడి స్థానాన్ని) స్టార్ అంటారు. లోపలి రిసీవర్‌ని (పాస్ అందుకునేవాణ్ణి) కాపు కాయాలి, పరుగొస్తే లైన్‌బ్యాకర్‌లా మీదపడాలి, రెండూ ఒకడే. కబడ్డీలో కార్నర్‌లో ఆడే వాణ్ణి కవర్‌లో నిలబెట్టినంత తేడా ఉంటుంది అంచున రిసీవర్‌ని కాసే మామూలు కార్నర్‌బ్యాక్‌కీ ఈ స్టార్‌కీ. 2022లో ఆ పని జేవన్ బుల్లార్డ్‌ది. ఫైనల్లో టీసీయూ మీద 65-7తో గెలిచినప్పుడు డిఫెన్స్‌లో మేటి ఆటగాడిగా ఎంపికైంది అతనే. అంత బాగా ఆడినవాణ్ణి మరుసటి ఏడాది సేఫ్టీకి (అందరికన్నా వెనక నిలబడే స్థానానికి) మార్చి, స్టార్‌లోకి టైకీ స్మిత్‌ని తెచ్చారు. ఎందుకో ఊహించగలరా? అక్కడ ఆడే క్రిస్టఫర్ స్మిత్ వెళ్లిపోవడంతో సేఫ్టీ ఖాళీ అయింది, స్టార్ పని చేయగలవాడు ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు. రెండు పనులొచ్చినవాడు ఎప్పుడూ లోటున్న వైపుకే జరుగుతాడు. మీ కాగితం మీద అలాంటివాళ్ల పేరు చుట్టూ సున్నా చుట్టి పెట్టుకోండి.

స్నాప్‌లే లేని కొత్తవాళ్ల సంగతి వేరు. మలాకై స్టార్క్స్ హైస్కూల్ నుంచి వచ్చిన ఏడాదే, మొదటి మ్యాచ్‌లోనే ఓరెగన్ మీద ఇంటర్‌సెప్షన్ (ఎదుటివాళ్ల పాస్‌ని మధ్యలో పట్టేయడం) చేశాడు. ఇలాంటివి ముందే చెప్పేశామనుకోవడం దండగ. ప్రతి పేరు పక్కన "ఖాయం", "బహుశా", "చూడాలి" అని మూడింట్లో ఒకటి రాయండి, ఇలాంటి కుర్రాళ్లందరికీ మూడోది.

ఇంతమంది పోయాక కూడా 2022లో ఆ జట్టు 15కి 15 గెలిచింది. మ్యాచ్‌కి సగటున ఇచ్చిన పాయింట్లు మాత్రం 10.2 నుంచి 14.3కి పెరిగాయి. మనుషులు దొరికినా కొంత తరుగు ఉంటుంది, అంచనాలో దానికీ చోటివ్వండి.

ఈ వారం అభ్యాసం: 2025 ఒహాయో స్టేట్. ముందు సీజన్ ఛాంపియన్లు, డిఫెన్సివ్ లైన్ స్టార్టర్లు నలుగురూ డ్రాఫ్ట్‌కి వెళ్లిపోయారు, డిఫెన్స్ కోఆర్డినేటర్ జిమ్ నోల్స్ వేరే జట్టుకి వెళ్లిపోయి మ్యాట్ పాట్రీషియా వచ్చాడు, అంటే ఇక్కడ పద్ధతి ప్రశ్న కూడా ఉంది. సేఫ్టీ నుంచి లైన్‌బ్యాకర్‌గా మారిన సన్నీ స్టైల్స్ చుట్టూ సున్నా చుట్టండి. సేఫ్టీ కేలెబ్ డౌన్స్‌ని ఎక్కడెక్కడ వాడొచ్చో విడిగా రాయండి. రాశాకే ఆ సీజన్ మ్యాచ్‌లు తెరిచి చూడండి. వచ్చే పాఠంలో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి, అంటే వేరే కాలేజీల నుంచి మారి వచ్చేవాళ్లని ఈ గడుల్లో ఎలా కూర్చోబెట్టాలో చూద్దాం.