లోన్ మీ పేరున, స్థలం ఆయన చేతిలో: సంతకానికి ముందు జాగ్రత్తలు

ఆషాఢం వెళ్లి శ్రావణం వస్తుందంటే విశాఖలో రిజిస్ట్రేషన్లు మళ్లీ ఊపందుకుంటాయి. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి తగరపువలస దారిలో, డేటా సెంటర్ పేరు చెప్పి తర్లువాడ చుట్టుపక్కల బేరాలు సాగుతున్నాయి. సరిగ్గా ఇలాంటప్పుడే స్టీల్‌ప్లాంట్, పోర్టు, డాక్‌యార్డు ఉద్యోగుల దగ్గరికి ఒక మాట వస్తుంది. "బావా, స్థలం నేను చూసి పెట్టాను. నీ పేస్లిప్ చూస్తే బ్యాంకు వాళ్లు వెంటనే లోన్ ఇస్తారు. ఈఎంఐ నేను కడతాను, అమ్మాక లాభం చెరి సగం."

ఆ మాట అన్నవాడు మోసగాడే కానక్కర్లేదు. నిజంగానే కడదామనుకునే అడుగుతాడు. కానీ అమ్మకం ఆరు నెలలు ఆలస్యమైతే అతని చేయి ఆగిపోతుంది, బ్యాంకు మాత్రం ఆగదు. బ్యాంకు కాగితాల్లో చెరి సగం అనే మాట ఉండదు. అక్కడ ఉండేది మీ పేరు, మీ పాన్ నంబరు, మీ జీతం ఖాతా.

అందుకని ముందు లెక్క వేసుకోండి. 20 లక్షల పర్సనల్ లోన్, 12 శాతం వడ్డీ, 5 ఏళ్లు అనుకుంటే నెలకు దాదాపు 44,500 రూపాయలు. గడువు పూర్తయ్యేసరికి కట్టేది 26 లక్షల 70 వేల దాకా అవుతుంది. అతను ఒక్క వాయిదా కూడా కట్టకపోతే ఇదంతా మీ జీతంలోంచి పోగలదా? పిల్లల ఫీజులు, ఇంటి లోన్ ఆగకుండా ఉంటాయా? లేదనిపిస్తే అక్కడే ఆపేయండి. మొహమాటానికి ఒప్పుకోకండి. ఇంకో విషయం, రేపు మీ సొంత ఇంటికి లోన్ అడిగితే బ్యాంకు ఈ ఈఎంఐని కూడా మీ జీతంలోంచి తీసేసే లెక్క చూస్తుంది.

"లోన్ నాదే, నువ్వు షూరిటీ సంతకం పెడితే చాలు" అంటే అది చిన్న సాయం అనుకుంటాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 128 ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, ముందు అతని ఆస్తి అమ్ముకుని తర్వాత నా దగ్గరికి రండి అని బ్యాంకుతో అనలేరు. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ మచ్చ మీ సిబిల్‌లోనూ, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డులోనూ, పడుతుంది. మీ ఫ్లాటు కాగితాలు తాకట్టు పెట్టి ఉంటే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, 60 రోజుల్లో బాకీ కట్టమనే నోటీసు మీ ఇంటికే వస్తుంది. నా అభిప్రాయం అడిగితే, కుటుంబం ఉంటున్న ఇంటిని ఎవరి వెంచరు కోసమూ తాకట్టు పెట్టకూడదు, అడిగింది సొంత తమ్ముడైనా సరే.

ఇక స్థలం. లోన్ ఎవరి పేరున ఉందో దస్తావేజులో ఆ పేరు ఉండాలి. "నా పేరున రాయించుకుంటాను, తర్వాత మారుస్తాను" అంటే వద్దనండి. దానికి తిరగేసిన వ్యవహారం ఇంకా ప్రమాదం: డబ్బు అతనిది, రిజిస్ట్రేషన్ మీ పేరున. అది ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున ఆస్తి కొనడాన్ని నిషేధించే 1988 నాటి బినామీ చట్టం కిందికి వచ్చే అవకాశం ఉంది. నేరం రుజువైతే ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి జప్తు.

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) మీరే తీయించి, మీరు ఎంచుకున్న లాయరుకు చూపించండి. అతని లాయరు చాలడు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా, డి-పట్టా భూమా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అని చూడండి. సింహాచలం పంచగ్రామాల వైపైతే, అంటే అడవివరం, వేపగుంట లాంటి చోట్ల, దేవస్థానం భూసమస్య తేలిందో లేదో కనుక్కోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉన్నాయంటే ఆ నంబర్లు అడిగి మీరే సరిచూసుకోండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు మరచిపోకూడనిది ఇంకొకటి ఉంది. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారంలో పాలుపంచుకోకూడదు. స్థలం కొన్నా, అమ్మినా శాఖకు తెలపాలి. పోర్టుకు, స్టీల్‌ప్లాంటుకు వాళ్ల వాళ్ల నిబంధనలున్నాయి, ముందే చదవండి. లోన్ సంగతి అటుంచి, ఉద్యోగానికే ముప్పు రావచ్చు.

ఒప్పందం నోటిమాటగా వదలకండి. భాగస్వామ్య సంస్థ పెడితే రిజిస్టర్ చేయించండి. చేయించకపోతే 1932 నాటి చట్టం ప్రకారం ఒప్పందంలోని హక్కు కోసం తోటి భాగస్వామి మీద దావా వేయడానికి అడ్డంకి ఉంటుంది. సంస్థను రద్దు చేసి లెక్కలు తేల్చమని అడగడానికి మాత్రమే వీలు. ఎవరు ఎంత పెట్టారు, ఎప్పటిలోగా అమ్మాలి, అమ్ముడుపోకపోతే ఈఎంఐ ఎవరిది అన్నవి రాసుకోండి. ఆ కాగితం గురించి మీ ఆవిడకు, వాళ్ల ఆవిడకు ఇద్దరికీ తెలియాలి. రేపు అతనికి ఏమైనా అయితే "ఈ అప్పు సంగతి మాకు తెలీదు" అనే మాట రాకూడదు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రామిసరీ నోట్లు ఎవరికీ ఇవ్వొద్దు. చెక్కు బౌన్సైతే సెక్షన్ 138 కేసు సంతకం చేసినవాడి మీదే. ఓటీపీ కూడా చెప్పకండి.

ఇప్పటికే సంతకం పెట్టేసి టెన్షన్ పడుతుంటే, బ్యాంకు మెసేజులు మీ ఫోనుకు వచ్చేలా చూసుకోండి. ఏడాదికోసారి ఉచితంగా వచ్చే క్రెడిట్ రిపోర్టు తీసి మీ పేరున ఇంకేమైనా లోన్లు ఉన్నాయేమో చూడండి. మొదటి వాయిదా తప్పిన రోజే అతనికి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా గుర్తు చేయండి. 90 రోజులు దాటక ముందే బ్రాంచికి వెళ్లి మేనేజరుతో మాట్లాడండి. షూరిటీగా మీరు డబ్బు కట్టాల్సి వస్తే నగదుగా ఇవ్వకుండా మీ ఖాతా నుంచే కట్టి, రసీదులన్నీ దాచండి. ఆ డబ్బు అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు మీకుంది. కానీ కట్టిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి.